సంజాయిషీ ఎవరికి? : ఆస్పత్రి పెద్దల బాధ్యత మీద కొన్ని ప్రశ్నలు

రేపల్లెలో జబ్బు ముదిరితే తెనాలి పొమ్మంటారు. తెనాలిలో ముదిరితే గుంటూరు పొమ్మంటారు. బాపట్ల వాళ్లకి చాలాసార్లు ఆ మధ్య మెట్టు కూడా ఉండదు, నేరుగా గుంటూరే. ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్న పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లకి 'పెద్దాసుపత్రి' అంటే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రే. అక్కడికి రాసిచ్చారంటే ఇంట్లో ఆడవాళ్లు ముందే ఏడుపు మొదలుపెడతారు. అయినా పోతాం. ఇంకెక్కడికీ పోలేం గనక పోతాం.

ఆ ఆస్పత్రిలో 2015 ఆగస్టు 26న పది రోజుల పసిబిడ్డ చనిపోయాడు. పుట్టుకతో వచ్చిన లోపానికి ఆపరేషన్ చేయించుకోడానికి విజయవాడ నుంచి తెచ్చిన బిడ్డ. వైద్యం జరుగుతున్న వార్డులోనే ఎలుకలు కొరికాయి. కాట్ల సంగతి తాము ముందే సిబ్బందికి చెప్పామని, ఎవరూ పట్టించుకోలేదని తల్లిదండ్రులు అన్నారు. బిడ్డ పరిస్థితి మొదట్నుంచీ విషమంగానే ఉందన్న మాట ఆస్పత్రి వైపు నుంచి వినిపించింది. ఆ తర్వాత కొందరు సస్పెండ్ అయ్యారు, సూపరింటెండెంటు మారారు, ఎలుకలు పట్టేవాళ్లను పిలిపించారు, రోజుకి ఎన్ని ఎలుకలు పడ్డాయో పత్రికలు లెక్క రాశాయి. (ఎలుకలు పట్టడం మన కృష్ణా డెల్టా పొలాల్లో తరతరాలుగా యానాదుల పని. పంట రైతుది, ఎలుక యానాదిది. ఆస్పత్రి ఎలుక ఎవరిదో తేలడానికి ఒక బిడ్డ చావాల్సి వచ్చింది.)

ఆ ఘటన గురించి రాసిన వార్తలు, వ్యాసాలు మళ్లీ చదివినప్పుడు నాకు ఒకే ప్రశ్న మిగిలింది. ఆ తల్లికి ఎవరు సంజాయిషీ ఇచ్చారు?

సంజాయిషీ అనేది మన ఆఫీసు భాషలో బరువైన మాట. మెమో వస్తుంది, మూడు రోజుల్లోనో వారంలోనో సంజాయిషీ రాసివ్వాలి. ఆయా నర్సుకి చెప్పుకోవాలి, నర్సు హెడ్ నర్సుకి, ఆమె ఆరెమ్వోకి, ఆయన సూపరింటెండెంటుకి, సూపరింటెండెంటు కలెక్టరుకి, డైరెక్టరుకి, వాళ్లు మంత్రికి, మంత్రి శాసనసభకి. సంజాయిషీ ఎప్పుడూ పైకే నడుస్తుంది. శిక్ష ఎప్పుడూ కిందికే దిగుతుంది. ఈ రెండు దారుల్లో ఏ ఒక్కటీ రోగి మంచం దగ్గర ఆగదు. చచ్చిపోయిన బిడ్డ తల్లి ఈ నిచ్చెనలో ఏ మెట్టు మీదా లేదు, నేల మీద ఉంది. ఆమెకి వచ్చేది ఒక చెక్కు, ఒక ఫోటో, ఒక పరామర్శ.

పైకి జవాబుదారీ, కిందికి శిక్ష, పక్కకి మౌనం. ఇది కొత్తగా కనిపెట్టిన పరిపాలనా పద్ధతి కాదు. మనకి బాగా తెలిసినదే. పనిచేసేవాళ్లను మెట్లుమెట్లుగా పేర్చి, ప్రతి మెట్టూ తన కింది మెట్టుని తొక్కడానికి వీలుగా కట్టిన ఏర్పాటుని ఈ దేశంలో కులం అంటారు. ఆస్పత్రి ఆ ఏర్పాటుకి బయట లేదు.

ఈ మధ్య వైద్య పరిపాలన మీద వస్తున్న రాతల్లో 'స్టేక్‌హోల్డర్లు' అనే మాట ఎక్కువగా కనిపిస్తోంది. రోగి భద్రత దెబ్బతిన్నప్పుడు ఆస్పత్రి నాయకత్వానికి స్టేక్‌హోల్డర్లందరి పట్లా నైతిక బాధ్యత ఉంటుంది, అని మొదలుపెడతారు. 1984లో అమెరికాలో ఎడ్వర్డ్ ఫ్రీమన్ అనే ప్రొఫెసర్ రాసిన మేనేజ్‌మెంటు పుస్తకంతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. కంపెనీ పెట్టుబడిదారు ఒక్కడిదే కాదు, దాని నడకవల్ల మంచిగాని చెడుగాని పొందే ప్రతివాళ్ల సంగతీ యాజమాన్యం చూడాలని ఆయన వాదన. వినడానికి బావుంది. కంపెనీ వాళ్లకి అది ఒక అడుగు ముందుకే కావచ్చు. దాన్ని తెలుగులో 'భాగస్వాములు' అని, 'హితధారులు' అని రాస్తున్నారు. భాగస్వామి అంటే భాగం ఉన్నవాడు. రేపల్లె దగ్గర లంక పొలంలో కౌలుకి చేసేవాడికి పంటలో భాగం ఎంతో, పాసుపుస్తకంలో పేరు ఎవరిదో మనకి తెలుసు. భాగం ఉంది అని చెప్పడం వేరు, భాగం పంచడం వేరు.

అసలు ఆ ఇంగ్లీషు మాటకి మరో అర్థం ఉంది. స్టేక్ అంటే పందెం. పందెంలో ఒడ్డేది. ఆ అర్థం తీసుకుంటే బొమ్మ మారిపోతుంది. కాంట్రాక్టరు ఒడ్డేది ఒక బిల్లు. అధికారి ఒడ్డేది ఒక పోస్టింగు, పోయినా ఇంకో ఊళ్లో దొరుకుతుంది. ఎమ్మెల్యే ఒడ్డేది అయిదేళ్లకోసారి వచ్చే ఓటు. మందుల కంపెనీ ఒడ్డేది ఒక టెండరు. రోగి ఒడ్డేది ఒళ్లు. వీళ్లందర్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి 'అందరి పట్లా సమతూకంగా' ఉండాలని నాయకత్వానికి చెప్పడంలోనే మోసం ఉంది. ఒళ్లు ఒడ్డినవాడికీ బిల్లు ఒడ్డినవాడికీ సమతూకం ఏమిటి? ఆ బల్ల దగ్గర వార్డు ఊడ్చే మనిషికి కుర్చీ కూడా ఉండదన్నది తర్వాతి మాట. ఆస్పత్రి అభివృద్ధి సంఘాలని పెట్టారు. ప్రజాప్రతినిధులు, అధికారులు, ఊళ్లో పేరున్నవాళ్లు అందులో కూర్చుంటారు. వాటిలో ఊడ్చే మనిషిని సభ్యురాలిగా కూర్చోబెట్టిన చోటు నేనైతే చూడలేదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. మా అమ్మ ఈ మూడు ఊళ్లలో ఒక ఊళ్లో, ఒక ఆస్పత్రిలో, కాంట్రాక్టరు కింద పారిశుధ్యం పని చేసింది. ఆమె జీతంతోనే నేను డిగ్రీ దాకా వచ్చాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదలు. ఆ ఆస్పత్రి కాన్పుల వార్డు బయట వరండాలో ఒక పైపు కారేది. ఆఫీసులో మూడుసార్లు చెప్పానని అమ్మ అంటుంది. ఒక తెల్లవారుజామున కాన్పయిన రెండో రోజు పిల్ల ఒకామె ఆ తడిలో జారి పడింది, కుట్లు తెగాయి. పెద్దవాళ్లు వచ్చారు. నేల తడిగా ఎందుకుందని అడిగారు. నేల తుడిచేది ఎవరని అడిగారు. పైపు కారడం గురించి ఎవరూ అడగలేదు. ఒక కాగితం మీద అమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నారు. మర్నాటి నుంచి రావద్దని కాంట్రాక్టరు మనిషి చెప్పాడు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆ కాగితంలో ఏం రాసిందో మాకు ఇప్పటికీ తెలీదు. పడిపోయిన ఆ పిల్లది పక్క ఊరి మాదిగపల్లె. ఆమెకి ఏం చెప్పారో ఏమో గాని, వాళ్లత్త మాత్రం మా ఇంటికొచ్చి అమ్మని నానా మాటలూ అని పోయింది. "నీ వల్లే గదే నా కోడలికి ఈ గతి పట్టింది" అంది. అమ్మ ఏమీ మాట్లాడలేదు.

ఈ సంగతి జాలి కోసం చెప్పడం లేదు. వ్యవస్థ తప్పుని ఒక మనిషి తప్పుగా మార్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మాలపల్లె మనిషీ మాదిగపల్లె మనిషీ ఒకరి ముందు ఒకరు ముద్దాయిలుగా నిలబడతారు. పైపు మాత్రం కారుతూనే ఉంటుంది.

ఈ ప్రాంతంలో ఆస్పత్రి పనికీ దళిత స్త్రీలకీ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో ఆస్పత్రి తెరిచింది. నిడుబ్రోలులో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల ఇవాంజలిన్ బూత్ ఆస్పత్రి తెనాలి, బాపట్ల వైపు పల్లెలకి పెద్ద దిక్కుగా ఉండేది. రక్తం, చీము, మైల తాకే పనిని పై కులాల ఆడవాళ్లు చేయనిరోజుల్లో క్రైస్తవ దళిత కుటుంబాల ఆడపిల్లలు తెల్లచీర కట్టి ఆ పనిలోకి వచ్చారు. అదొక గౌరవం కూడా తెచ్చింది, మా చిన్నప్పుడు పల్లెలో 'సిస్టరమ్మ' ఇల్లంటే అందరికీ గుర్తు. గాని ఆస్పత్రిలో పని మన చేతిలో ఉన్నంత మాత్రాన ఆస్పత్రి మన చేతిలో లేదు. 1990ల తర్వాత సంస్కరణల క్రమంలో ఊడ్చేపని, కాపలాపని, బట్టలు ఉతికేపని కాంట్రాక్టర్లకి పోయాయి. అప్పట్నుంచి సూపరింటెండెంటుకి ఒక కొత్త సౌకర్యం దొరికింది. ఎలుక దొరికితే అది కాంట్రాక్టరు విషయం. కాంట్రాక్టరు అడిగితే అది పనిమనిషి విషయం. మనుషుల్ని తగ్గించి టెండరుని కిందికి కోట్ చేసినవాణ్ణే ఎంచుకున్న నిర్ణయం ఎవరి విషయమో ఏ విచారణ కమిటీ అడుగుతుంది?

ప్రమాదం ముందే కనిపెట్టి చెప్పినవాళ్లకి ఏమవుతుందో చూడాలంటే నర్సీపట్నం చూడాలి. అక్కడి ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరు సుధాకర్. దళితుడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదలైన రోజుల్లో, మాస్కులు, రక్షణ దుస్తులు డాక్టర్లకి సరిగ్గా ఇవ్వడం లేదని బహిరంగంగా అన్నారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖపట్నంలో పోలీసులు నడిరోడ్డు మీద ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టారు. అక్కణ్ణుంచి మానసిక వైద్యశాలకి చేర్చారు. హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండె ఆగి చనిపోయారు. ఆయన గొంతు పద్ధతిగా లేదని, రాజకీయం ఉందని అప్పట్లో చాలామంది మాట్లాడారు. ఉందో లేదో నాకనవసరం. మాస్కులు ఉన్నాయా లేవా అన్నదే ఆ రోజు ఆస్పత్రి పెద్దలు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్న అడిగిన మనిషి మానసిక స్థితి మీద మొత్తం చర్చ నడిచింది. మత్తు డాక్టరుకే ఈ గతి పట్టినచోట మా అమ్మ పైపు గురించి నాలుగోసారి చెప్పి ఉండాల్సిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మరి రోగి సొంతంగా అడగగలడా? చట్టం ఏం చెబుతుందో చూద్దాం. 1995 నవంబరులో సుప్రీంకోర్టు ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో తీర్పు చెప్పింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని అప్పుడు తేలింది. గొప్ప తీర్పే. గాని అదే తీర్పు ప్రకారం, వచ్చిన ప్రతివాళ్లకీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి ఆ చట్టం పరిధిలోకి రాదు. అంటే డబ్బు కట్టగలిగినవాడు వినియోగదారుడు. కట్టలేనివాడు దయకి పాత్రుడు. దయ పొందినవాడు లెక్క అడగడు గదా. 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో అదే కోర్టు, అత్యవసర వైద్యం అందించడం ప్రభుత్వ రాజ్యాంగ బాధ్యత అని, 21వ అధికరణం కిందికి వస్తుందని చెప్పింది. రైలు మీంచి పడిన ఒక కూలీని కలకత్తాలో ఆస్పత్రి తర్వాత ఆస్పత్రి తిప్పి పంపించిన కేసు అది. కాబట్టి హక్కు లేదని కాదు. ఉంది, కాకపోతే రేపల్లె నుంచి హైకోర్టు దాకా నడవాలి.

ఇంకో చట్టం కూడా చెప్పాలి. ఆస్పత్రుల మీద, సిబ్బంది మీద దాడులు చేయకుండా 2008లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. నేను దాన్ని వ్యతిరేకించడం లేదు. దెబ్బలు తినేది కూడా ఎక్కువగా రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరూ, నర్సూనే, పెద్దలు కాదు. గాని రోగి బంధువుల నుంచి ఆస్పత్రిని కాపాడ్డానికి చట్టం ఉంది, జరిగిన పొరపాటు ఏమిటో బంధువులకి ఆస్పత్రి తనంత తానుగా చెప్పి తీరాలనే చట్టం లేదు. బ్రిటన్‌లో స్టాఫర్డ్ ఆస్పత్రిలో రోగుల్ని ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేసిన వ్యవహారం మీద 2013లో రాబర్ట్ ఫ్రాన్సిస్ నివేదిక వచ్చాక, 2014లో ఇంగ్లండులో అలాంటి నిబంధన పెట్టారు. హాని జరిగితే రోగికి గాని కుటుంబానికి గాని చెప్పాలి, క్షమాపణ చెప్పాలి, విచారణలో తేలింది రాతపూర్వకంగా ఇవ్వాలి. అక్కడ అంతా సవ్యంగా నడుస్తోందని కాదు. సంజాయిషీ పక్కకి కూడా నడవగలదని మాత్రం దాన్నిబట్టి తెలుస్తోంది.

మనం నడిపే ఉద్యమాల్ని కూడా ఈ సందర్భంలో విమర్శించుకోవాలి. ఆస్పత్రి గేటు ముందు ధర్నాలో నేనూ కూర్చున్నాను. మన నినాదాలు రెండే. బాధ్యుల్ని సస్పెండ్ చేయాలి, ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలి. ఈ రెండూ పాలకులకి చాలా అనుకూలమైన నినాదాలని ఆలస్యంగా అర్థమైంది. రెండూ సాయంత్రంలోగా ఇచ్చేయగలరు. ఇచ్చాక టెంటు ఎత్తేస్తాం. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. సస్పెన్షన్లు వచ్చాయి, 5 లక్షల చొప్పున పరిహారం, డబుల్ బెడ్‌రూం ఇళ్ల హామీ వచ్చాయి. అలాంటి శిబిరాలు మూడేళ్లలో ఆపేయాలని సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో 2016లోనే చెప్పింది. ఆరేళ్ల తర్వాత కూడా ఒక్క రోజులో 34 ఎందుకు చేశారు, ఆ అంకె పైనుంచి ఎవరు అడిగారు అన్న ప్రశ్న సస్పెన్షన్ ఆర్డర్ల కింద కప్పడిపోయింది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయాలో ఆక్సిజన్ సరఫరా తగ్గి చనిపోయినవాళ్లు 11 మంది అని ప్రభుత్వం చెప్పింది. ఇంకా ఎక్కువని బంధువులు అన్నారు. ఎంతమంది పోయారన్న లెక్క మీదే తగువు పడాల్సిన చోట ఎందుకు పోయారన్నదాకా ఎప్పుడు వస్తాం?

సూపరింటెండెంటు కుర్చీలో మనవాడు కూర్చుంటే మారుతుందా అని మిత్రులు అడుగుతారు. కొంత మారుతుంది, ముఖ్యంగా పలకరింపులో. గాని ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ముఖం పైకే తిరిగి ఉండేట్టు దాన్ని చేశారు. దళిత సూపరింటెండెంటు అయితే ఒక్క పొరపాటుకే కోటా మాట ఎత్తుతారన్న భయంతో ఇంకా ఎక్కువగా పైకి చూడాల్సి వస్తుంది. ఇది ఆయన తప్పనలేను. అలాగని ఆయన్ని వదిలేయనూ లేను.

మరి ఆస్పత్రి పెద్దలు చేయాల్సింది ఏమిటి? ఈ ప్రాంతంలో దీనికి ఒక దారి మనవాళ్లే చూపించారనుకుంటాను. తెనాలి పక్కన చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపినప్పుడు బాధితులు అడిగినవాటిలో ఒకటి, ప్రత్యేక కోర్టు మా ఊళ్లోనే పెట్టాలి అని. మేం గుంటూరు తిరగం, కోర్టే మా దగ్గరికి రావాలి అన్నారు. ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించారు. ఊళ్లోనే విచారణ జరిగింది, 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది, ఆ గాయం అలాగే ఉంది. తీర్పు సంగతి అలా ఉంచి, సాక్ష్యం చెప్పేవాళ్ల గడప దగ్గరికి న్యాయస్థానం నడిచి రావడమనే ఆలోచన మాత్రం సామాన్యమైనది కాదు. ఆస్పత్రి విచారణలు దీనికి పూర్తి తలకిందులుగా జరుగుతాయి. కమిటీ సూపరింటెండెంటు గదిలో కూర్చుంటుంది. నర్సుని, ఆయాని ఒక్కొక్కర్నీ లోపలికి పిలుస్తుంది. కుటుంబం వరండాలో నిలబడుతుంది, లేదా అప్పటికే శవంతో ఊరికి పోయి ఉంటుంది. నివేదిక హైదరాబాదుకో విజయవాడకో పోతుంది. ఆ కమిటీ పల్లెకి రావాలి. ఏం కనుక్కున్నారో తెలుగులో, తల్లి ముందు, చదివి వినిపించాలి. ఊడ్చే మనిషి చెప్పింది కూడా ఆమె మాటల్లోనే అందులో ఉండాలి, వేలిముద్ర వేయించే ముందు ఆమెకీ చదివి వినిపించాలి.

ఇంతకంటే చిన్న పని ఒకటి రేపే మొదలుపెట్టొచ్చు. మొదట్లో చెప్పాను గదా, రేపల్లె నుంచి తెనాలి, తెనాలి నుంచి గుంటూరు అని. ఈ 'రాసివ్వడం' మన ఆస్పత్రుల్లో చాలాసార్లు వైద్యం కాదు, చావు తమ రిజిస్టర్లో పడకుండా చూసుకోవడం. దారిలో అంబులెన్సులో పోయినవాళ్లు పంపినచోటి లెక్కలోనూ ఉండరు, చేరినచోటి లెక్కలోనూ ఉండరు. పంపించినవాళ్లని పేరుతో రాసుకుని, మర్నాడు ఫోను చేసి బతికారో లేదో కనుక్కుని, పోతే ఎందుకు పోయారో నెలకోసారి గేటు దగ్గర గోడ మీద అంటించమని అడగాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలూ కారణాలూ చాలు. ఈసారి గేటు ముందు టెంటు వేసినప్పుడు సస్పెన్షన్ కంటే ముందు ఆ కాగితం అడుగుదాం. బాపట్ల 2022లో కొత్త జిల్లా అయింది, అక్కడి కొత్త వైద్య కళాశాలని ప్రైవేటు భాగస్వామ్యంలోకి తేవాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. రేపు ఆ ఆస్పత్రిలో గోడ ఎవరిదో కూడా తెలియని పరిస్థితి రాకముందే అడగాలి.